ఒక్క గంట

పెట్టను పొదుగునకు కూర్చుండబెట్టు నాడు మా అమ్మ గంపలో వరిగడ్డి పఱచి, గడ్డి మాటున ఒక ఇనుప మేకును, ఒక బొగ్గుముక్కను దాచి, ఆపైననే గుడ్లను పేర్చెడిది. ఉఱుములకు గుడ్లు మురిగిపోకుండ అవి కావలి కాయునని ఆమె విశ్వాసము. బొగ్గుబాయిల నడుమనున్న శ్రీరాంపూర్‌లో బొగ్గుకు కొదువ లేదు గనుక మా గంపలోని ముక్క పిడికెడంత యుండెడిది. ఆమె గతించి చాల యేండ్లైనను, ఓసీపీ యను ఉపరితల బొగ్గుగనిలో బ్లాస్టింగు జరిగి కిటికీ రెక్కలు కంపించినపుడెల్ల నా చేయి అప్రయత్నముగా గుడ్ల పెట్టెవైపు పోవుచుండును. ఆ పెట్టెలో నేటికిని ఒక బొగ్గుముక్క యున్నది.

ఆ పెట్టె నా వృత్తికి సంబంధించినది. జంతుశాస్త్రము బోధించిన కాలమున నేను అభ్యసించిన పనులలో నాకు మిక్కిలి ప్రియమైనది గుడ్డుకు కిటికీ తెఱచుట. పుంజు గల మందలోని నాటుకోడి గుడ్డును 38 డిగ్రీల వెచ్చదనమున 3 దినములు అడ్డముగా పరుండబెట్టి యుంచవలెను. పిదప మొనయొద్ద సూదితో రంధ్రము చేసి, సిరంజితో రెండు మూడు మిల్లీలీటర్ల తెల్లసొనను మెల్లగా లాగినచో, లోపలి పిండము పెంకును విడిచి దిగువకు జాఱును. అప్పుడు పైపెంకును సన్నని కత్తెరతో రూపాయిబిళ్ల మేర కత్తిరించిన, పచ్చసొనపై ఎఱ్ఱని నూలుపోగులవంటి రక్తనాళములును, వాని నడుమ కొట్టుకొనుచున్న ఆవగింజంత గుండెయు కనబడును. చూపు నిలిపి, ఊపిరి బిగబట్టి, ఇంకను వంగి చూచినవానికి మాత్రమే ఆ పిండపు ప్రక్కను ఒక చిన్న ఉబ్బు గోచరించును. రాబోవు రెక్క అదియే. చూచుట ముగిసినంతనే కిటికీని టేపుతో మూయవలెను. ఒకయేడు నేను మాటలలో పడి టేపు వేయుట మఱచితిని. మరునాటికి పొర ఎండి, గుండె ఆగి యుండెను. నాటినుండి ఒక తరగతికి ఒక్క గుడ్డుకు మించి నేను తెఱవలేదు.

ఆ రెక్కమొలక పెరుగుట చూచి విద్యార్థులు ఆశ్చర్యపడెడివారు. నా ఆశ్చర్యము మాత్రము, భుజమునుండి మోచేయియు, మోచేతినుండి మణికట్టును, మణికట్టునుండి వ్రేళ్లును ఒకదాని వెనుక నొకటిగా వెలువడిన పిదప, ఆ పెరుగుదల ఊపంతయు సరిగా వ్రేళ్లకొనలయొద్దనే ఎట్లు చల్లాఱుచున్నదను ప్రశ్నయొద్ద నిలిచిపోయినది. పెరుగుమని చెప్పువారెవరో తెలిసికొనుట సులభము, ఆగుమని చెప్పువారెవరు?

1948లో అమెరికా శాస్త్రజ్ఞుడు జాన్ సాండర్స్ కోడిపిండపు రెక్కమొలక అంచుననుండు సన్నని గట్టును కోసివేసెను. గట్టు పోయిన మొలక ముందునకు సాగలేదు. తొలినాళ్లలో కోసినచో పై యెముకతోనే రెక్క నిలిచిపోయెను, ఆలస్యముగా కోసినచో కొనభాగములు మాత్రమే లోపించెను. 1968లో ఆయనయే గాసెలింగ్‌తో కలిసి, మొలక వెనుక అంచునందలి కణములను తీసి ముందటి అంచున నాటగా, అద్దములోని ప్రతిబింబమువలె వ్రేళ్ల రెండవ వరుస మొలిచెను. గట్టునుండి వెలువడు సంకేతము ఎఫ్‌జీఎఫ్ అను మాంసకృత్తుల కుటుంబమనియు, వెనుక అంచునుండి వెలువడునది సోనిక్ హెడ్జ్‌హాగ్ అను మాంసకృత్తి యనియు 1993 నాటికి తేలినది.

ఈ రెండును ఒకదానినొకటి పోషించుకొనును. హెడ్జ్‌హాగ్ ప్రేరణచేత గ్రెమ్లిన్ అను వేఱొక మాంసకృత్తి పుట్టును. గట్టును అణచు బీఎంపీ అను సంకేతమును ఆ గ్రెమ్లిన్ పట్టి బంధించును. అణచువాడు బంధితుడైన పిదప గట్టు నిరాటంకముగా ఎఫ్‌జీఎఫ్‌ను వెలువరించును. ఎఫ్‌జీఎఫ్ మరల హెడ్జ్‌హాగ్‌ను నిలుపును. ఇంతవఱకే యున్నచో ఇది ఆగుట యెఱుగని చక్రము. కాని బీఎంపీ తన్ను బంధించు గ్రెమ్లిన్‌ను తానే పుట్టించును. హెడ్జ్‌హాగ్ తన్ను పట్టి నిలుపు ప్యాచ్డ్ అను గ్రాహకమును తానే అధికము చేయును. ఎఫ్‌జీఎఫ్ తన మాటను కణములోపల మెత్తబఱచు స్ప్రౌటీ మొదలగువానిని తానే మేల్కొల్పును. దీనిని నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ అందురు. దీనికి పుస్తకములలో కనబడు "ప్రతికూల" శబ్దము నాకు రుచింపదు. అందులో వైరము ధ్వనించును. ఎద్దు తన పగ్గమును తానే పేనుకొనినట్లున్న ఈ యేర్పాటును నేను తరగతిలో తిరుగుపగ్గమనియే చెప్పెడివాడను.

పగ్గములన్నియు ఒకే నిడివి గలవి కావు. స్విట్జర్లండులోని బాసెల్ నగరమున రోల్ఫ్ జెల్లర్ బృందము 2009లో ఎలుకపిండములయందు చూపినదేమనగా, బీఎంపీ గ్రెమ్లిన్‌ల నడుమ చక్రము సుమారు 2 గంటలలో తిరుగును. హెడ్జ్‌హాగ్‌ను, గట్టును కలుపు పెద్ద చక్రమునకు సుమారు 12 గంటలు పట్టును. చిన్న చక్రము క్షణక్షణము సరిదిద్దుచుండగా పెద్ద చక్రము నింపాదిగా మొలకను సాగించును. ఇక ముగింపు సంగతి. మొలక పెరిగినకొలది గట్టునుండి ఎఫ్‌జీఎఫ్ హెచ్చును. అది ఒక మేర దాటగానే, ఇన్నాళ్లు తనకు దారి యిచ్చిన గ్రెమ్లిన్‌నే అణచివేయును. గ్రెమ్లిన్ తగ్గిన, బీఎంపీ విడుదలై గట్టును మాన్పును. 2008లో అమెరికాలో షిన్ సన్ ప్రయోగశాల వెల్లడించిన ఈ సంగతిని చదివిన రాత్రి నాకు చాలసేపు నిదుర పట్టలేదు. పెరుగుదలను ఆపునది పెరుగుదలయే!

మా వీథిలో బాయిలోపల బొగ్గు టబ్బులను తాటితో లాగు హాలేజీ ఇంజను నడిపి రిటైరైన పెద్దమనిషి యొకడు కలడు. అరుగుపై కూర్చుండి ఈ కథయంతయు ఆయనకు చెప్పితిని. ఆయన తలయూచి, "ఇండ్ల కొత్తేమున్నది సారూ? తాడు నడిచేటప్పుడు ఒక్క గంట పడితే ఆపుడే. మిగతా గంటలు ఎన్నో లెక్కపెట్టాలె. ఒక్క గంటకు లెక్కపెట్టుడు లేదు, ఇనంగనే ఆపాలె" అనెను.

"ఆ గంట ఎవరు కొట్టుదురు?" అంటిని.

"టబ్బులకాడ ఉన్నోడే కొడ్తడు. ఇంజనుకాడ కూసున్న నాకు కింద ఏమైతున్నదో ఎట్ల తెలుస్తది సారూ?"

ఎన్నో వ్యాసములు చదివియు నాకు స్ఫురింపని మాటను ఆయన ఒక్క వాక్యమున చెప్పెను. మొలకయందును ఎక్కడనో కూర్చుండి కొలత చూచు అధికారి లేడు. బరువు ఉన్నచోటనుండియే సంకేతము రావలెను. ఆపవలసినవాడు దానిని వినగలిగి యుండవలెను.

పగ్గము సడలిన ఏమగునో చూడగోరువారు నస్పూర్ దారిలో ఎదురైన ఎడ్లబండిని ఆపి, ఎద్దు గిట్టను వంగి చూడవచ్చును. నడుమ నిలువున చీలి, రెండు భాగములును అద్దము పెట్టినట్లు సమానముగా నుండును. వెనుక పైభాగమున రెండు చిన్న మడమగోళ్లు వ్రేలాడుచుండును. మన చేతియందు బొటనవ్రేలు ఒక తీరు, చిటికెనవ్రేలు ఒక తీరు. ఎద్దు కాలియందు ఆ భేదము లేదు. జెల్లర్ బృందమే 2014లో దీని మూలమును వెదకి, ఆవుపిండపు కాలిమొలకలో హెడ్జ్‌హాగ్ యున్నను, దానికి ప్రతిస్పందనగా ప్యాచ్డ్ తగినంత పెరుగుట లేదని కనుగొనెను. ప్యాచ్డ్ జన్యువును మేల్కొల్పు డీఎన్‌ఏ తునుక యొకటి పరిణామక్రమమున మార్పు చెంది, ముందువెనుకల భేదము చెఱిగి, బరువు మోయు జంటవ్రేళ్లు మిగిలినవి. మన రైతుల దుక్కిని వేల యేండ్లు మోసిన గిట్ట సడలిన పగ్గముయొక్క ఫలము.

ఒడిశాలో, భువనేశ్వరమునందలి ఉత్కళ విశ్వవిద్యాలయమున, ప్రియంవదా మొహంతీ హెజ్మాడీ బృందము 1992లో ప్రకటించిన ప్రయోగము ఇంకను విస్మయకరమైనది. తోక కత్తిరించిన కప్పపిల్లలను విటమిన్-ఎ గల నీటిలో నుంచగా, తెగినచోట తోకకు మాఱుగా కాళ్లు మొలిచినవి. విటమిన్-ఎ నుండి పుట్టు ఆమ్లమునకును దేహమున తిరుగుపగ్గము కలదు. అది హెచ్చినపుడు దానిని విఱుగగొట్టు ఎంజైమును కణములు తామే తయారుచేసికొనును.

ఇక్కడ నేనొక విషయమును నొక్కి చెప్పవలసియున్నది. మా కాలనీలో చిటికెనవ్రేలి ప్రక్కన ఆఱవ వ్రేలు గల పసివాని తల్లి, గ్రహణమునాడు తాను కూరగాయలు తఱిగినందుననే బిడ్డకిట్లయినదని చుట్టములనగా విని కుమిలిపోవుచుండెను. పెదవి చీలినచో గ్రహణమొఱ్ఱి యని మన భాషయే తల్లిపై నింద మోపియున్నది. మానవపిండమున చేతిమొలక నాలుగవ వారమున తలయెత్తి, ఎనిమిదవ వారము ముగియునప్పటికి వ్రేళ్లు విడివడును. ఆ తొలివారములలో పెక్కుమంది తల్లులకు తాము గర్భవతులమను సంగతియే తెలియదు. హెడ్జ్‌హాగ్ అందనిచోట వ్రేళ్లను అదుపున నుంచు జీఎల్‌ఐ3 అను జన్యువులోని లోపము ఒక భారతీయ కుటుంబమున తరతరములుగా ఆఱవ వ్రేలికి కారణమైనదని 1997లో యు. రాధాకృష్ణ మొదలగువారు చూపిరి. గ్రహణమునకుగాని, కత్తిపీటకుగాని ఇందు ప్రమేయము లేదు. నేను ఆమె యింటికి పోయి, "నీ తప్పు ఏమియు లేదు బిడ్డా" అని చెప్పి, గిట్ట కథ చెప్పివచ్చితిని. ఆమె నమ్మినదో లేదో గాని, పసివాని చేతిని కొంగునుండి వెలుపలికి తీసినది.

నిన్న ఎనిమిదవనాటి గుడ్డు కిటికీని తెఱచినపుడు ఆ హాలేజీ పెద్దమనిషి నా ప్రక్కన నుండెను. తెడ్డువంటి పాదములో నాలుగు వ్రేళ్లు స్పష్టముగా తేలియున్నవి; వ్రేళ్ల నడుమ పొర పలుచబడి, అంచులు లోనికి క్రుంగుచుండెను. బీఎంపీ ఆజ్ఞచే అక్కడి కణములు తమంతట తాము అంతరించు వేళ యది. బాతు పాదములో ఆ నడుమ గ్రెమ్లిన్ అడ్డుపడుటచేతనే పొర మిగిలి ఈతకు తెడ్డగును. ఈ సంగతి నేను చెప్పబోవునంతలో ఓసీపీ దిక్కునుండి మ్రోత వచ్చి బల్ల కొంచెము కంపించెను. ఆయన గుడ్డు చుట్టు రెండు చేతులును అడ్డుపెట్టి, ఆ చిన్నిపాదముపైనుండి చూపు మరల్చకయే, మెల్లగా అడిగెను:

"గంట పడ్డదా సారూ?"

"పడుచున్నది" అని చెప్పి, టేపు తీసి కిటికీ మూసితిని.