నదీముఖమున దంపతుల సంచారము

కావ్యములయందలి నదీసముద్రవర్ణనములు కథకుఁ గేవలాలంకారములనియు, వానిని దీసివేసినను గథకు లోపము రాదనియు నొక యభిప్రాయము మన పాఠశాలలయందు బహుకాలముగా వ్యాపించియున్నది. ఈ యభిప్రాయము ననుసరించియే పాఠ్యసంకలనకర్తలు పదియో యిరువదియో శ్లోకములను ముందువెనుకలు లేకుండఁ గత్తిరించి బాలుర ముందఱఁ బెట్టుచున్నారు. బాలుఁడు ప్రతిపదార్థమును వల్లించి, యలంకారము పేరు చెప్పి, పరీక్షయం దుత్తీర్ణుఁ డగును. ఎవ రెవరితోఁ జెప్పుచున్నారు, చెప్పిన పిదప వారి కేమయ్యెను అను ప్రశ్న పుట్టనే పుట్టదు. దంపతులు నదీతీరమునఁ దిరుగాడిన పట్టులయం దీ పద్ధతి యెంత హానికరమో రెండుమూఁడు కావ్యముల నాధారముగాఁ గొని చూపుట యీ వ్యాసమునం దుద్దేశింపఁబడినది.

మొట్టమొదట శాస్త్రమునే చూతము. దండి కావ్యాదర్శమున మహాకావ్యమునకుఁ జెప్పిన వర్ణనములలో నగరము గలదు, అర్ణవము గలదు, శైలము గలదు, సలిలక్రీడయుఁ గలదు. నదికిఁ బ్రత్యేకముగ స్థానము లేదు. నది సముద్రముతోఁ గలియు చోటికి మొదలే లేదు. అష్టాదశవర్ణనములను వ్రేళ్లపై లెక్కించు విద్యార్థికి నదీముఖ మే కోవలోఁ బడునో తెలియదు. అది పూర్తిగా నదియుఁ గాదు, సముద్రమును గాదు. మన తీరవాసులు దీనిని మొగ యందురు. పాయ, ఉప్పుటేఱు, లంక, తిప్ప, మడ యను మాటలన్నియు నా చోటి నెఱిఁగినవారు చేసికొన్నవి. ఈ మాటలు మన పద్యకావ్యములలోఁ గానరావనునంత సాహసము చేయను గాని, నదిని వధువుగను సముద్రుని వరునిగను జేసి, యొకమాఱు పెండ్లి నడపించి, యంతటితోఁ దృప్తినొందిన కవులే మనలో మెండు.

అమరసింహుఁడు నదీసంగమమునకు సంభేదమని పేరు చెప్పినాఁడు. సముపసర్గపూర్వక మగు భిద్ధాతువునకు ఘఞ్ ప్రత్యయము రాఁగా నీ రూపము సిద్ధించును. ధాతువున కర్థము విదారణము, అనఁగాఁ జీల్చుట. కలయికను జెప్పు శబ్దమునఁ జీలికను జెప్పు ధాతు వుండుట యుపసర్గబలముచేత నని సమాధానము. అది సరియైన సమాధానమే. అయినను గోదావరి మొగకడ నిలిచినవానికి ధాత్వర్థము పూర్తిగ నశించినట్లు తోఁపదు. పాయలుగాఁ జీలిన పిదపనే కదా యా నది సముద్రమును గలియుట! వేలాశబ్దమును నిట్టిదే. సముద్రజలవికారము, కాలము, మర్యాద యను మూఁడర్థములను నానార్థవర్గమునఁ జెప్పియున్నారు. పోటు, పొద్దు, ఒడ్డు మూఁడును నొక్క శబ్దమున నిమిడినవి. ఈ మూఁటిని వేఱుచేయక చూచిన కవియే నదీముఖమును జూచినవాఁడు.

కాళిదాసు చూచినాఁడనుటకు రఘువంశమునఁ ద్రయోదశసర్గము ప్రమాణము. లంకనుండి పుష్పకముపై మరలుచు రాముఁడు సీతకు మొదటఁ జూపునది సముద్రము. అందుఁ దొమ్మిదవ శ్లోకమునకు నదీముఖమే విషయము. నదులు ముఖ మర్పించుటయందు సహజముగఁ బ్రగల్భలు, సముద్రుఁడు తరంగమను నధరము నొసఁగుటయందు నిపుణుఁడు. కాఁబట్టి యితరులకు సామాన్యము గాని విధమునఁ దాను నదులను ద్రావుటయే కాక వానిచేతఁ ద్రావించుచునున్నాఁడని తాత్పర్యము. దీని వెంటనే వచ్చు శ్లోకమునఁ దిములు ప్రాణిసహితమైన నదీముఖజలమును నోటఁబట్టి, నోరు మూసి, శిరోరంధ్రములనుండి నీటిని వెడలఁగ్రక్కుచున్నవి. ఇక్కడఁ బలువురు బోధకులు "సముద్రునియందు నాయకవ్యవహారసమారోపము" అని చెప్పి పుట త్రిప్పుదురు. త్రావుట సరే, త్రావించుట యెట్లు? సముద్రమునకుఁ బోయిన నీరు మరల వచ్చునా?

పాలాటి యొడ్డునఁ బెరిగిన బాలునకు నీ శంక తప్పక కలుగును. నందికొండల ప్రాంతమునఁ బుట్టి, కన్నడదేశమున 93 కిలోమీటరులు పాఱి, మా కుప్పము రామకుప్పము ప్రాంతముల మీఁదుగ 33 కిలోమీటరులు వచ్చి, యటుపైఁ దమిళదేశమున 222 కిలోమీటరులు పోయి వయలూరు చెంత సముద్రమును జేరు నా యేఱు మాకడ నేఁటఁ బెక్కునెలలు నిసుకయే. పాలు పేరునందుఁ గలదు. నీరు దిగువకుఁ బాఱుటయే యరుదుగఁ జూచు బాలుఁ డది యెగువకుఁ బాఱునన్న నెట్లు నమ్మును? తమిళతీరమున జాలరుల పల్లెను గుప్పమందురు. చెన్నపట్టణమున నొచ్చికుప్పము, ఊరూరుకుప్పము మొదలగునవి ప్రసిద్ధములు. సముద్ర మెఱుఁగని మా యూరికి నా పేరే యుండుట వింతయే కాని దీనినుండి వ్యుత్పత్తి నేమియు సాధింపఁబూనను.

శంకకు సమాధానము శాస్త్రమున లేదు, తీరమునఁ గలదు. మన తూర్పుతీరమున నించుమించుగ 12 గంటల 25 నిమిషముల కొకమాఱు పోటు వచ్చును. పోటువేళ నుప్పునీరు మొగలోఁ జొచ్చి యేటి కెదురెక్కును. పాటువేళ నదియే వెనుదీసి యేటినీటినిఁ దనతోఁ గొనిపోవును. తెలవాఱఁగనే బయలుదేఱి, మొగదాఁక నడిచి, వేఱొక గట్టుమీఁదుగఁ జుట్టివచ్చి, ప్రొద్దుగ్రుంకువేళ కిల్లు చేరిన దంపతులు పోటును బాటును రెంటినిఁ జూచియే తీరుదురు. ఉదయము మోఁకాలిబంటి నీట దాఁటిన పాయ మధ్యాహ్నమున నడుముదాఁక నుండవచ్చును. సాయంకాలమునకు మరల నిసుక తేలవచ్చును. త్రావుట, త్రావించుట యను రెండు క్రియలును దినములోననే కన్నులఁబడును. కాళిదాసు వానిని వర్తమానమునఁ బ్రయోగించుట యిందులకే. శృంగారచమత్కారమని మనము తలఁచినది యథార్థదర్శన మని తేలును.

ఈ సర్గముననే మఱి మూఁడు విషయములు గమనింపవలసినవి. దూరమునుండి చూడ సముద్రము లోహచక్రమువలెను, తమాలతాళీవనములచే నల్లనైన తీరరేఖ యా చక్రము నంచునఁ బట్టిన త్రుప్పువలెను నున్నదఁట. తీరవాయువు మొగలిపుప్పొడిని సీత మొగమునఁ జల్లి, యలంకారమునకుఁ గాలము పట్టినచో రాముఁ డోర్వలేఁడని యెఱిఁగినట్లు ప్రవర్తించుచున్నదఁట. ఆపై రాముఁడు సీతతో నొకమాఱు వెనుదిరిగి వచ్చినదారిఁ జూడుమనుచున్నాఁడు. సముద్రము దూరమగుకొలఁది యడవులతోఁ గూడిన భూమి దానినుండి వెలికి దూఁకుచున్నట్లు కనఁబడును. చక్రము, త్రుప్పు, వెనుచూపు. ఈ శ్లోకములను విడివిడిగఁ జదివినవానికి నుపమోత్ప్రేక్షలే మిగులును. వరుసగఁ జదివినవానికిఁ ద్రుప్పు శబ్దమున మూలమునఁ గల కలంకపదము చెవిలో నిలిచిపోవును. తరువాతి సర్గముననే జనాపవాదము విని రాముఁడు సీతను విడుచును. గంగాతీరతపోవనములను జూడవలెనను నామె కోరికయే త్యాగమునకు మిష యగును. ఈ సర్గమును వర్ణనపాఠముగ నిచ్చి చతుర్దశసర్గమును దాఁచిపెట్టిన సంకలనకర్త కాళిదాసునకుఁ జేసిన యన్యాయ మింతింత యనరాదు.

అయినను గాళిదాసునందు నాకుఁ గొఱఁతగాఁ దోఁచు నంశ మొకటి గలదు. ఈ విహార మాకాశమున జరిగినది, ఒకే దిక్కునకు సాగినది. అంతియ కాదు, ఆ దీర్ఘసంభాషణమున మాటలాడువాఁడు రాముఁ డొక్కఁడే. సీత విన్నది, చూచినది, ఒక్కమాటయుఁ బలుకలేదు. సర్గమంతయు సంబోధనములతో నిండియున్నది గాని ప్రత్యుత్తరము లేదు.

ఈ కొఱఁతను దీర్చినవాఁడు భవభూతి. ఉత్తరరామచరితమునఁ బ్రథమాంకమున దంపతులు చిత్రపటములను జూచుచుఁ దమ పూర్వసంచారమును మరల నడచుచున్నారు. గోదావరియుఁ బ్రస్రవణగిరియు వచ్చినపుడు రాముఁడు స్మరించును, సీతయు స్మరించును, భయపడును, నవ్వును. చూచి చూచి యలసి, మరల భాగీరథిలో మునుఁగవలెనని తానే నోరు తెఱచి యడుగును. రథము సిద్ధమగులోపల భర్తబాహువునఁ దలయుంచి నిద్రించును. దుర్ముఖుఁ డప్పుడు వచ్చును. నడకకు మొదలు పటము, నడుమ నిద్ర, తుద త్యాగము. తృతీయాంకమునఁ బండ్రెండేండ్ల పిదప రాముఁ డా తీరముననే యొంటరిగఁ దిరుగును. సీత ప్రక్కననే యుండియు నదృశ్య. బయలుదేఱిన చోటికి మరల వచ్చుటయే పరిక్రమమైనచో సంస్కృతనాటకములలో నింతకన్న సంపూర్ణమైన పరిక్రమము నే నెఱుఁగను. పాణిని తిష్ఠద్గుప్రభృతిగణమున బ్రదక్షిణశబ్దము నవ్యయీభావముగాఁ బఠించినారు. అవ్యయమునకు లింగవచనభేదములు లేవు. ఒంటరిగఁ జుట్టినను నిరువురు చుట్టినను రూప మొక్కటియే. భవభూతి యీ సామ్యమును దలఁచెనని నే ననను, కాని పద మట్లున్నది.

ద్వితీయాంకమున రాముఁడు దండకను మరలఁ జూచుచుఁ బూర్వము ప్రవాహ మున్నచోట నిప్పు డిసుకదిబ్బ యున్నదని గుర్తించి, కొండల నానవాలుగఁ గొని యా వనమిదియే యని నిశ్చయించుకొనును. నదీముఖములయం దీ మాట మఱింత సత్యము, అచట నానవాలునకుఁ గొండలైనను లేవు. తుల్య, ఆత్రేయ, భారద్వాజ, గౌతమి, వృద్ధగౌతమి, కౌశిక, వసిష్ఠ యని ఋషుల పేరఁ బ్రసిద్ధమైన యేడు పాయలలో నేఁడు తుల్యభాగ మురుగుకాలువ వంటిది. పేరెన్నికఁ గన్న వైనతేయపాయ యా యేడింటిలోఁ జేరినది కాదు. 1847 మొదలు 1852 వఱకు ధవళేశ్వరమునఁ గాటన్ దొర కట్టించిన యానకట్ట పిదప నీటిపంపకమే మాఱినది.

ఇట్లు మాఱినను సప్తసాగరయాత్ర యను నాచారము మనకుఁ గలదు. పుష్యబహుళామావాస్యనాఁడు చొల్లంగిలో స్నానమాడి, వరుసగ మొగలన్నిఁటను మునిఁగి, మాఘశుద్ధైకాదశి కంతర్వేదిని జేరుదురు. సంతానమును గోరు దంపతులకు విశేషముగ విధింపఁబడిన యాత్ర యిది. ఇంతటి వస్తువు చేతిలో నుండఁగా మన కవులు దానిని గొని యొక దంపతుల కథను నడపరైరి. నన్నయ యాదిపర్వమున నర్జునుని గోదావరికిని భీమేశ్వరమునకును దీసికొనివచ్చినాఁడు. అర్జునుఁ డప్పుడు యాత్రికుఁడు, ఏకాకి. పదునేనవ శతాబ్దిని శ్రీనాథుఁడు భీమేశ్వరపురాణమున గోదావరిమండలమును వర్ణించినంతగ మఱి యెవరు వర్ణించిరి? కాని యాతని మనస్సు ప్రధానముగ దాక్షారామమునందును, ఋషులు తెచ్చిన జలము లొక్కచోఁ జేరిన సప్తగోదావరమునందును లగ్నమైనది. ఏడు మొగలు నొక్క గుండమున నిమిడినవి. పదునొకండు దినముల నడక యొక్క పూఁట ప్రదక్షిణమైనది. భక్తునకు లాభమే. కావ్యమునకు లాభమా యన్నది విచార్యము. పోటు లేని చోట పాటు లేదు.

జనులు మాత్రము కవులకన్న సూక్ష్మముగఁ జూచినారు. అంతర్వేదికడ వసిష్ఠ సముద్రమును గలియు చోట నున్న తిన్నెకు "అన్నాచెల్లెళ్ల గట్టు" అని పేరు. నదీపతి యని సరిత్పతి యని కోశములు ఘోషించుచుండఁగా, నా తీరమునఁ బుట్టి పెరిగినవా రా యిరువురను దోఁబుట్టువుల నెట్లు చేసిరో యాలంకారికు లాలోచింపవలసినదే. బాలురకు నీ పేరును జెప్పి, పిదపఁ గాళిదాసుశ్లోకమును జెప్పినచో, రూపక మనునది వక్త నిలిచిన చోటిని బట్టి కలుగు నని వ్యాఖ్యానము లేకయే తెలిసికొందురు.

తుదకు దంపతీశబ్దమును గూర్చి యొకమాట. పతిశబ్దము సమాసమున ఘిసంజ్ఞ పొందును. ద్వంద్వమున ఘిసంజ్ఞకము ముందు రావలెనని విధి. ఆ విధి ప్రకారము పతియే ముందు నిలువవలసినది. కాని రాజదంతాదిగణమున జంపతీ దంపతీ జాయాపతీ యని పఠించుటచే, జాయ ముందు, పతి వెనుక. రఘువంశమున నీ క్రమము తాఱుమాఱైనది. ఉత్తరరామచరితమునఁ దృతీయాంకమున వాసంతి రామునకు జ్ఞప్తికిఁ దెచ్చు దృశ్యమునం దది సరిగఁ గుదిరినది. రాముఁడు పొదరింట నిలిచి దారి చూచుచున్నాఁడు. సీత గోదావరి యిసుకతిన్నెపై హంసలతో వేడుకపడి చాలసేపు నిలిచిపోయినది. తిరిగివచ్చి, భర్త మనసు నొచ్చినట్లు కనఁబడఁగా, బెదరి, తామరమొగ్గవలె నంజలి ఘటించినది.