గోడ కథ, రోడ్డు కథ: ఇద్దరు దర్శకుల ఉత్తర మద్రాసు

మద్రాసులో అద్దె ఇల్లు వెతుక్కునే తెలుగువాళ్ళకి బంధువులు చెప్పే జాగ్రత్త ఒకటుంది: సెంట్రల్ స్టేషన్ దాటి ఉత్తరం వైపు మాత్రం వద్దు. వ్యాసర్‌పాడి, కాశిమేడు, పులియంతోపు, తండయార్‌పేట అంటే చాలు, గొంతు తగ్గించి మరీ హెచ్చరిస్తారు. అలా చెప్పేవాళ్ళలో చాలామంది అక్కడ అడుగు పెట్టి ఎరగరు, సినిమాలో చూసినవాళ్ళే. కాబట్టి ఆ ప్రాంతానికి ఉన్న చెడ్డపేరు న్యాయమేనా అన్న విచారణ సినిమాతోనే మొదలుపెట్టడం సబబు. ఇందుకు నాలుగేళ్ళ తేడాతో వచ్చిన రెండు తమిళ సినిమాలు బాగా పనికొస్తాయి: 2014 సెప్టెంబరులో పా. రంజిత్ తీసిన ‘మద్రాస్’, 2018 అక్టోబరులో వెట్రిమారన్ తీసిన ‘వడ చెన్నై’. రెండింటికీ సంగీతం సంతోష్ నారాయణనే. రెండింట్లోనూ అన్బు అనే పేరుగలవాడు ఒకడున్నాడు. రెండింట్లోనూ కత్తులున్నాయి, నమ్మించి దెబ్బతీసే సొంత మనుషులున్నారు. అయినా రెండూ చూశాక ఉత్తర మద్రాసు మీద మనకి మిగిలే అభిప్రాయం ఒక్కటి కాదు.

రంజిత్ కథంతా ఒక గోడ చుట్టూ తిరుగుతుంది. వ్యాసర్‌పాడి హౌసింగ్ బోర్డు ఇళ్ళ మధ్య పెద్ద గోడ, దాని మీద కృష్ణప్పన్ అనే నాయకుడి బొమ్మ. పార్టీ చీలిపోయింది గనక ఇప్పుడు ఆ గోడ ఎవరిదన్నది తగాదా. దాని నీడన ప్రాణాలు పోతున్నాయి కాబట్టి ఆ గోడకేదో పట్టిందని జనం భయం. హీరో కాళి (కార్తి) ఐటీ కంపెనీలో పనిచేస్తాడు. వాడి నేస్తం అన్బు (కలైయరసన్) రాజకీయాల్లో తిరుగుతాడు. గోడ తమ వాడవాళ్ళ చేతికి రావాలని అన్బు పట్టు. ఆ పట్టే వాడి ప్రాణం తీస్తుంది. తీయించినవాడు అవతలి ముఠావాడొక్కడే కాదు, ఇన్నాళ్ళూ తమవాడనుకున్న మారి కూడా.

ఈ సినిమాలో నాకు బాగా నచ్చింది కత్తి బయటికి రావడానికి ముందున్న భాగం. రంజిత్ ఏమాత్రం తొందరపడడు. మెట్ల మీద కబుర్లు, సందులో ఫుట్‌బాల్, కుర్రాళ్ళ డాన్సు, కొడుక్కి పెళ్ళి కావడం లేదని తల్లి బెంగ, భార్యాభర్తల చిలిపి తగాదాలు తీరిగ్గా చూపిస్తాడు. హౌసింగ్ బోర్డులో ఉండేవాళ్ళు రోజంతా హత్యల గురించే ఆలోచిస్తారనుకునే ప్రేక్షకుడికి అసలు జవాబు అక్కడే ఉంది. కథలో కొట్టేవాళ్ళూ చచ్చేవాళ్ళూ ఆ కాలనీవాళ్ళే అయినా, ఆ చావుల వల్ల లాభపడేది పార్టీ ఆఫీసు. అంటే ఇక్కడి హింస ఒకరి అవసరానికి పురమాయించుకున్న పని.

తెలుగు పాఠకుడికి ఇందులో మరో ఆసక్తి ఉంది. కాళి చేతిలో ఒకచోట కనిపించే పుస్తకం జి. కళ్యాణరావు నవల ‘అంటరాని వసంతం’కి తమిళ అనువాదం. రెండేళ్ళ తర్వాత ‘కబాలి’ మొదట్లో రజనీకాంత్ చదువుతూ కనిపించేది కూడా తెలంగాణ రైల్వే కార్మిక కుటుంబం నుంచి వచ్చిన వై.బి. సత్యనారాయణ రాసిన ‘మై ఫాదర్ బాలయ్య’. మన సినిమాల్లో హీరో చేతికి పుస్తకం రావడమే అరుదు. వచ్చినా దళిత రచయితది వచ్చిన గుర్తు నాకు లేదు. వ్యాసర్‌పాడి కుర్రాడంటే రౌడీ అనుకునేవాడికి ఆ కుర్రాడు నవల చదువుతూ కనిపించడమే పెద్ద దెబ్బ.

వెట్రిమారన్ తలుపు ఇంకోవైపు నుంచి తెరుస్తాడు. 1987లో ఒక హత్య చేసిన నలుగురు హోటల్లో కూర్చుని, నెత్తురు మరకల కత్తులు బల్ల మీదుండగానే, ముందు సంగతి మాట్లాడుకుంటారు. చంపింది రాజన్‌ని (అమీర్). స్మగ్లింగ్ చేసినవాడే, కానీ రోడ్డు పేరు చెప్పి సముద్రం ఒడ్డు నుంచి జనాన్ని లేపేయడానికి వస్తే అడ్డం నిలిచినవాడు. ఆ తర్వాత గుణా, సెంథిల్ రెండు ముఠాలుగా విడిపోతారు. కారమ్స్ ఆటగాడైన అన్బు (ధనుష్) వాళ్ళ మధ్య ఇరుక్కుంటాడు, జైలుకెళ్తాడు, జైల్లో కారమ్స్ పోటీ జరుగుతుండగానే సెంథిల్ మీద దాడి చేస్తాడు. వీళ్ళందరినీ వెనకనుంచి కదుపుతున్నది రాజన్ భార్య చంద్ర (ఆండ్రియా) అని ప్రేక్షకుడికి ఆలస్యంగా తెలుస్తుంది. భర్తని చంపినవాణ్ణే పెళ్ళి చేసుకుని, ఏళ్ళ తరబడి పగ దాచుకున్న ఆ పాత్ర ముందు ‘మద్రాస్’ కథానాయిక తేలిపోతుంది. ఆడపాత్రల విషయంలో ఈ పోలికలో వెట్రిమారన్‌దే పైచేయి.

పనితనం మాటకొస్తే ‘వడ చెన్నై’ పెద్ద సినిమా, సందేహం లేదు. జైలు లోపలి లోకం, సరుకు ఎలా చేతులు మారుతుంది, ఎవరి బ్లాకులో ఎవరి మాట చెల్లుతుంది, స్కెచ్ ఎలా వేస్తారు, ఇవన్నీ అంత ఓపికగా చూపించిన సినిమాలు దక్షిణాదిలో తక్కువ. భూమి సంగతి ‘మద్రాస్’ కంటే దీన్లోనే స్పష్టంగా ఉంది. ప్రాంతానికి రౌడీల పేరు ఉంటే బుల్‌డోజర్‌కి పని తేలిక అన్న నిజం వెట్రిమారన్‌కి తెలుసు. చిక్కల్లా ఏమిటంటే, ఆ తెలివి కథలో ఎంత ఉన్నా తెర మీద మన కళ్ళని కట్టిపడేసేది కత్తులే. రోడ్డు గొడవ హత్యకి కారణంగా వస్తుంది, హత్య మాత్రం పండగలా తీస్తాడు. చేపల వేటకి పోయేవాళ్ళు, వలలు బాగుచేసుకునేవాళ్ళు, తెల్లారి కాశిమేడు రేవులో చేపలు వేలం పాడే ఆడవాళ్ళు ఈ ముఠాల కథలో వెనక్కిపోయారు. విడుదలయ్యాక జాలరుల నుంచి నిరసన వచ్చింది. పడవ మీద తీసిన మొదటి రాత్రి సన్నివేశం తమని కించపరిచిందన్నారు. వెట్రిమారన్ క్షమాపణ చెప్పి దాన్ని తీసేశాడు. మంచి పనే. కానీ జాలరి అంటే కత్తి పట్టేవాడన్న ముద్ర ఒక్క సన్నివేశం తీసేస్తే పోయేది కాదు.

ఇద్దరి చూపులో ఉన్న ఈ తేడాకి బీజం 2007లో వెట్రిమారన్ మొదటి సినిమా ‘పొల్లాదవన్’లోనే ఉంది. బైకు పోగొట్టుకున్న మధ్యతరగతి కుర్రాడు దాన్ని వెతుక్కుంటూ ఉత్తర మద్రాసు ముఠాల్లోకి వెళ్ళిపడతాడు. బయటివాడు లోపలికి వెళ్ళి చూసే చూపు అది. ‘వడ చెన్నై’లో హీరో లోపలివాడే అయినా కెమెరాకి ఆ పాత అలవాటు పూర్తిగా పోలేదు. రంజిత్ కెమెరా మొదటినుంచీ ఇంట్లోదే.

అలాగని రంజిత్ తప్పులు తక్కువేం కాదు. చివర్లో గోడ మీది నాయకుడి బొమ్మ పోతుంది, కాళి పిల్లలకి చదువు చెబుతాడు. అంతకుముందు రెండు గంటలు కథ చెప్పిన సమస్యకి ఇది మరీ సులువైన పరిష్కారం. చదువుకుని ఐటీ కంపెనీలో పనిచేస్తున్న కాళియే ఆ గొడవలోంచి బయటపడలేదని కథే చెప్పింది కదా!

రెండు సినిమాలూ వదిలేసిన సంగతి ఇంకొకటుంది, అదే నాకు అన్నిటికంటే పెద్ద లోటుగా తోస్తుంది. ఈ ప్రాంతం ముందు పనివాళ్ళది. బకింగ్‌హామ్ అండ్ కర్నాటిక్ మిల్లు కార్మికుల కోసం 1918 ఏప్రిల్ 27న పుట్టిన మద్రాస్ లేబర్ యూనియన్ దేశంలో మొదటి వ్యవస్థిత కార్మిక సంఘం. 1921 సమ్మెలో యాజమాన్యం కులాల మధ్య చిచ్చు రగిలించాక పులియంతోపు తగలబడింది. ఆ గొడవల్లోనూ మొదట నష్టపోయింది పేదవాడలే. 1996లో మిల్లు మూతపడింది. తాత మిల్లు కార్మికుడు, తండ్రి హార్బరు కూలీ అయిన ఇంట్లో మనవడికి ఖాయమైన పని ఏదీ మిగలకపోతే ఏం జరుగుతుందో చెప్పకుండా, రౌడీలు ఎక్కడినుంచి వచ్చారో చెప్పడం సగం కథే. రంజిత్ 2021లో ‘సార్పట్టా పరంబరై’తో ఈ బాకీ కొంత తీర్చాడు. అందులో హీరో హార్బరులో మూటలు మోసే కూలీ, కథ తిరిగేది బాక్సింగ్ రింగు చుట్టూ.

మనవాళ్ళు మరిచిపోయిన సంగతొకటి ఇక్కడ చెప్పాలి. ఈ ఉత్తర మద్రాసే ఒకప్పుడు తెలుగు చదువుకి ఇల్లు. వావిళ్ళవారి ముద్రణాలయం 1854లో పుట్టింది ఈ నగరంలోనే. ఆంధ్రపత్రిక తంబుచెట్టి వీధి నుంచి వెలువడింది. ఈనాటికీ చెన్నైలో వీధులూడ్చే కార్మికుల్లో తెలుగు మాట్లాడే ఆది ఆంధ్రులు ఎందరో ఉన్నారు. 2025 ఆగస్టులో రాయపురం, తిరు.వి.క. నగర్ మండలాల్లో చెత్త పని ప్రైవేటుకివ్వడాన్ని ఎదిరించి పారిశుద్ధ్య కార్మికులు కార్పొరేషన్ కార్యాలయమైన రిప్పన్ బిల్డింగ్ ముందు 13 రోజులు కూర్చున్నారు, అర్ధరాత్రి పోలీసులు వాళ్ళని లేపేశారు. ‘అటువైపు వద్దు’ అనే మన జాగ్రత్త మనవాళ్ళ మీద కూడా పడుతోందన్నమాట.

అలాగని ఉత్తర మద్రాసు చెడ్డపేరంతా కల్పితమేనా అంటే, కాదు. 2024 జులై 5న పెరంబూర్‌లో బీఎస్పీ రాష్ట్ర అధ్యక్షుడు ఆర్మ్‌స్ట్రాంగ్‌ని నరికి చంపారు. అదొక్కటే కాదు, ముఠా పగల హత్యలు అక్కడ జరుగుతూనే వచ్చాయి. కానీ ఈ హత్యల్లో చనిపోయేదెవరు? చాలావరకు ఆ వీధుల్లోనే పుట్టినవాళ్ళు. హెచ్చరించే బంధువులు భయపడే ప్రమాదం, అంటే దారినపోయే కొత్తవాడి మీద పడే ప్రమాదం, రెండు సినిమాల్లోనూ లేదు. ఇద్దరు దర్శకులూ ఒప్పుకునే విషయం ఇదొక్కటే కావచ్చు.

ఇంకో మాట. పేరుమోసిన రౌడీ అయోధ్యకుప్పం వీరమణి 2003లో మెరీనా తీరంలో పోలీసు ఎన్‌కౌంటర్‌లో చనిపోయాడు. అయోధ్యకుప్పం ఉన్నది తిరువల్లికేణి పక్కన, సాయంత్రం షికారుకెళ్ళే మెరీనా ఒడ్డున. అందుకని తిరువల్లికేణికి భయంకరమైన పేరేమీ రాలేదు. 2000లో నదీగట్ల మీది గుడిసెలవాళ్ళని ఖాళీ చేయించి దక్షిణాన, ఐటీ కారిడార్ పక్కన కణ్ణగి నగర్‌లో పడేశారు. కొన్నేళ్ళకే దానికీ వ్యాసర్‌పాడి పేరే వచ్చింది. అక్కడి కుర్రాళ్ళు ఉద్యోగానికి వెళ్ళేటప్పుడు చిరునామా దాచుకోవాల్సి వచ్చింది. 2025లో బహ్రెయిన్‌లో ఆసియా యూత్ గేమ్స్ కబడ్డీలో బంగారం గెలిచిన జట్టులో ఆ కాలనీ అమ్మాయి ఉందని తెలిశాక పత్రికలు ఆ చోటు గురించి వేరే రకం వార్త రాశాయి. అంటే చెడ్డపేరు దిక్కుని బట్టి రావడం లేదు, పేదవాళ్ళు ఎక్కడికెళ్తే అక్కడికి వెంట వెళ్తోంది. దళితవాడ, జాలరి కుప్పం, పునరావాస కాలనీ, మూడింటికీ ఒకే ముద్ర.

ఇక ఉత్తర మద్రాసులో నిజంగా ప్రాణాల మీదికొచ్చే ప్రమాదాల జాబితా చూస్తే దాంట్లో రౌడీ పైన ఉండడు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వరదలో మణలి పరిశ్రమల వైపు నుంచి వచ్చిన చమురు ఎన్నూరు క్రీక్‌ని నల్లగా కప్పేసింది, జాలరుల పడవలు, వలలు జిడ్డుతో పాడయ్యాయి. అదే నెల 26 రాత్రి ఎన్నూరులో ఎరువుల కర్మాగారానికి చెందిన సముద్రగర్భపు పైపు నుంచి అమ్మోనియా లీకై పదులకొద్దీ జనం ఆసుపత్రుల పాలయ్యారు. పైగా థర్మల్ విద్యుత్ కేంద్రాల బూడిద, కొడుంగయ్యూర్ చెత్త దిబ్బ ఉండనే ఉన్నాయి. కత్తుల సినిమాకి వచ్చినంత డబ్బు వీటి మీద తీసే సినిమాకి రాదు కనుక ఎవరూ తీయరు.

చెడ్డపేరుకి ఆధారం ఏమిటని అడిగితే అంకెలు చూపాలి. జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా ఇచ్చే నివేదికలో చెన్నై ఒక నగరంగా ఉంటుంది, వ్యాసర్‌పాడి, నగరానికి దక్షిణాన ఉన్న అడయార్ విడివిడిగా ఉండవు. ఉన్నా జాగ్రత్తగా చదవాలి. హిస్టరీ షీట్లు (పాత నేరస్థుల మీద పోలీసులు ఉంచే రికార్డులు) ఎక్కువ తెరిచిన చోట పోలీసు కాపలా ఎక్కువ, కాపలా ఎక్కువైన చోట కేసులూ ఎక్కువే నమోదవుతాయి. పైగా 1982లో తమిళనాడు చేసిన గూండా చట్టం కింద విచారణ లేకుండా ఏడాదిదాకా నిర్బంధించవచ్చు, కనుక దాని కింద పట్టుబడినంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు.

రెండు సినిమాల్లో నా ఓటు ‘మద్రాస్’కే. కళలో ‘వడ చెన్నై’ పెద్దది, చంద్రకి సాటి పాత్ర రంజిత్ దగ్గర లేదు. కానీ ప్రశ్న ఆ వాడలు ప్రమాదకరమా కాదా అన్నది. దానికి వెట్రిమారన్ చూపించేది ఎలా చంపుతారన్నది, రంజిత్ చూపించేది ఎవరి కోసం చంపుతారన్నది. రెండోది లేకపోతే మొదటిది చూసినవాడు ఇల్లు అద్దెకివ్వడు, ఉద్యోగమివ్వడు, పిల్లనివ్వడు. చెన్నై పోలీసులు నేరాల లెక్కలు స్టేషన్ల వారీగా, కొట్టినవాడూ కొట్టించుకున్నవాడూ ఏ పేటవాళ్ళో చెబుతూ బయటపెట్టాలి. అప్పుడు ఉత్తరం వైపు వద్దు అనేవాళ్ళు కనీసం ఒక అంకె చూపించి ఆ మాట అనాల్సి వస్తుంది.