నింద లేని మరమ్మతు

2017 ఫిబ్రవరి 28న ఉత్తర వర్జీనియాలో అమెజాన్ ఎస్3 నిల్వ సేవ దాదాపు నాలుగు గంటలు స్తంభించింది. కొద్ది సర్వర్లను తప్పించబోయిన ఇంజనీరు ఆదేశంలో ఒక విలువ తప్పుగా పడి, చాలా ఎక్కువ సర్వర్లు ఆగిపోయాయి. సేవల స్థితిని చూపే పేజీ కూడా ఎస్3 మీదే ఆధారపడటంతో కొంతసేపు అందులోని సమాచారాన్నీ మార్చలేకపోయారు! ఇదంతా కంపెనీయే రాసి బయటపెట్టింది. ఆ నివేదికలో మనిషి పేరు లేదు. సర్వర్లను నెమ్మదిగా మాత్రమే తొలగించేలా, కనీస సామర్థ్యానికి దిగువకు పోనివ్వకుండా పరికరాన్నే మార్చామని ఉంది. కుబర్నెటీస్, టెర్రాఫామ్ లాంటి పనిముట్లు ఎంత గొప్పవైనా, సాఫ్ట్‌వేర్ సేవలను నిర్మించి నడిపే డెవాప్స్ వృత్తిలో నేను అన్నిటికన్నా గౌరవించేది, మనిషిని నిందించకుండా పరికరాన్ని సరిచేసే ఈ పద్ధతినే.

శిక్ష లేకపోతే నిర్లక్ష్యం పెరగదా? సమంజసమైన ప్రశ్నే. కానీ ఉద్యోగం పోతుందని భయపడేవారు మొదట దాచేది తాము ఏ ఆదేశం ఇచ్చామన్నదే. అది తెలియకుండా మరమ్మతు సాగదు. ఆ మనిషిని తీసేసినా, మారని పరికరం రేపు ఇంకొకరి చేతిలో అదే ముప్పు తెస్తుంది. గూగుల్ ఇంజనీర్లు 2016లో తెచ్చిన ‘సైట్ రిలయబిలిటీ ఇంజనీరింగ్’ పుస్తకంలో వైఫల్యాలపై నింద లేని సమీక్షకు ఒక అధ్యాయమే ఉంది. వీసా ఉద్యోగంతో ముడిపడిన మన తెలుగు ఇంజనీర్లకు అమెరికాలో ఈ భయం మరీ ఎక్కువ. అక్కడ బృందాలు నడిపే తెలుగువారికి నా విన్నపం: అర్ధరాత్రి సేవ ఆగిపోతే, ఏం జరిగిందో ముందు అడగండి.