డీఎన్‌ఏకి తీగపాకం పరీక్ష

లడ్డూల పాకం తీగసాగిందో లేదో మనవాళ్లు రెండు వేళ్ల మధ్య పట్టి చెప్పేస్తారు. మందు డీఎన్‌ఏలో ఎక్కడ కూర్చుందో తేల్చే పరీక్షల్లోనూ అలాంటిదొకటి ఉంది. కావలసిందల్లా ఓ గాజు గొట్టం, ఓ స్టాప్‌వాచ్, బోలెడంత ఓపిక.

పని దూడ థైమస్ గ్రంథి నుంచి తీసిన డీఎన్‌ఏతో మొదలవుతుంది. చూడ్డానికి అచ్చం దూదిపింజ. బఫర్‌లో వేసి రాత్రంతా ఫ్రిజ్‌లో నాననివ్వాలి, తొందరపడి కుదిపితే పోగులు తెగుతాయి. మర్నాడు 260, 280 నానోమీటర్ల దగ్గర ఎంత కాంతిని పీల్చుకుంటోందో చూస్తారు. రెండింటి నిష్పత్తి 1.8 ఉంటే ప్రొటీన్ కల్తీ పెద్దగా లేదని ధైర్యం.

తర్వాత రంగుల పరీక్షలు. ఇథిడియం బ్రోమైడ్ నీళ్లలో మసకగా ఉంటుంది; డీఎన్‌ఏ నిచ్చెన మెట్ల (బేస్ జతల) మధ్య దూరిందంటే 20 రెట్లు ఎక్కువగా నారింజ రంగులో వెలుగుతుంది. కొత్త మందు వేశాక ఆ వెలుగు తగ్గితే, మందు ఇథిడియాన్ని నెట్టి మెట్ల మధ్య దూరిందని స్కాలర్లకు పండగే. పండగ కాస్త ముందే చేసుకుంటారు. మెట్ల మధ్య కాకుండా డీఎన్‌ఏ పక్క గాడిలో చేరిన మందు కూడా ఇథిడియాన్ని బయటికి నెట్టగలదు మరి!

అక్కడే గాజు గొట్టం అవసరం. 1961లో లియొనార్డ్ లెర్మన్, ఆక్రిడిన్ రంగులు కలిపితే డీఎన్‌ఏ ద్రావణం చిక్కబడడం చూసి, ఆ అణువులు బేస్ జతల మధ్యకు దూరుతున్నాయని ప్రతిపాదించారు. మామూలుగా జతల మధ్య ఎడం 3.4 ఆంగ్‌స్ట్రామ్‌లు. మందు దూరిన చోట అది రెట్టింపవుతుంది. పోగు పొడవు పెరుగుతుంది, ద్రావణం మెల్లగా జారుతుంది. నెట్రాప్సిన్ లాంటిది సన్న గాడిలోనే సర్దుకుంటుంది కాబట్టి జారే సమయంలో పెద్దగా తేడా రాదు.

గొట్టాన్ని స్థిరమైన వేడి ఉన్న నీళ్లలో నిలబెట్టి, ద్రావణం పై గీత దాటగానే వాచీ నొక్కాలి, కింది గీత దగ్గర ఆపాలి. మందు కొంచెం కలిపి మళ్లీ. చిన్న బుడగ చేరినా ఆ రీడింగ్ చెత్తబుట్టకే. సగం రోజు ఇట్టే గడిచిపోతుంది, అందుకే చాలామంది దీన్ని దాటేస్తారు.

అయితే ఉస్మానియా కెమిస్ట్రీ విభాగం నుంచి వచ్చిన రుథేనియం సమ్మేళనాల పరిశోధన పత్రాల్లో వెలుగుల గ్రాఫుల పక్కన స్నిగ్ధత (ద్రావణం చిక్కదనం) గ్రాఫు కూడా కనిపిస్తుంది. కంప్యూటర్ గీసిన రంగుల బొమ్మ ఒక్కటే చూపించి ‘మెట్ల మధ్య దూరింది’ అనే పత్రం మీ చేతికొస్తే, ఆ గ్రాఫు ఏదని అడగండి.