రూతు కథయు మన చెఱకుసీమయు

బైబిలునందలి రూతు గ్రంథము నాలుగే అధ్యాయముల చిన్న కథ. మన క్రైస్తవ మందిరములలో దీనిని సాధారణముగా కోడండ్రకు బుద్ధి చెప్పుటకై చదువుదురు. అత్తను విడువని కోడలు, వినయవతి, కష్టజీవి యని చెప్పి అంతటితో వ్యాఖ్యానమును ముగింతురు. ఇది తప్పుడు వ్యాఖ్యానమని నేననను. కాని కథలోని అసలు చిక్కును ఇది కప్పివేయుచున్నది. రూతు పరదేశి, అందును మోయాబు దేశపుది. మోయాబీయులు పదవ తరము వఱకును దేవుని సమాజమున చేరరాదని ద్వితీయోపదేశకాండము శాసించుచున్నది. అట్టి శాసనముగల జనులు ఒక మోయాబు స్త్రీ కథను తమ పవిత్ర గ్రంథములలో నేల చేర్చుకొనిరి? ఈ ప్రశ్న వేయనిదే గ్రంథమును విమర్శించినట్లు కాదు.

నిజామాబాదు, బోధను ప్రాంతములవారికి ఇది అనుభవములోని ప్రశ్న. 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగరు నిర్మాణముతో మంజీర నీరు కాలువలవెంట పాఱినది. కోస్తా జిల్లాల రైతులు వచ్చి, భూములు కొని, పల్లెలు కట్టుకొనిరి. ఆ పల్లెలకు క్యాంపులని పేరు వచ్చినది. తరములు గడచి, పెంకుటిండ్లు మేడలైనను, గుడారమును తలపించు ఆ పేరు మాత్రము పోలేదు. 1937లో బోధనుకడ శక్కర్‌నగరున నిజాం చక్కెర కర్మాగారము వెలసినది. పనికై మఱికొందఱు వచ్చిరి. పిమ్మట కాలము తిరుగబడి, ఈ జిల్లా బిడ్డలే దుబాయి మొదలగు గల్ఫు సీమలకు కూలికై వెడలిరి. ఆ కర్మాగారమో, 2015 డిసెంబరులో మూతపడినది. వచ్చినవారికి చోటిచ్చుటయు, పరుల చోటు నాశ్రయించుటయు ఈ ఒక్క జిల్లాయే ఎఱుగును.

ఈ యనుభవముతో చదివినచో కథారంభమే క్రొత్తగా తోచును. బేత్లెహేమనగా రొట్టెల యిల్లని యర్థము. అట్టి యూర కఱవు వచ్చినది. నయోమి కుటుంబము అన్నమునకై మోయాబునకు వలసపోయినది. కాబట్టి ఈ కథలో మొదటి వలసవారు ఇశ్రాయేలీయులే. శాసనము వెలివేసిన మోయాబే వారికి పదియేండ్లు కూడు పెట్టినది, పిల్లనిచ్చినది. గ్రంథకర్త దీనినెచ్చటను ఎత్తిపొడువడు; కథను ఆ విధముగా నడపి యూరకుండును. పరుని పంక్తిలో కూర్చుండనీయనివాడు, తన తాతలెవరి పంక్తిలో భుజించిరో తలపోసికొనవలెను.

ఇద్దఱు కోడండ్రలో ఓర్పా కంటనీరుతో పుట్టింటికి మరలినది. మన ఉపదేశకులామెను నిందింతురు గాని, గ్రంథము నిందింపలేదు. ఇది గమనింపదగిన సంగతి. గల్ఫు రాజ్యములలో మనవాడెన్నియేండ్లు చెమటోడ్చినను అచ్చటి పౌరసత్వము సామాన్యముగా లభింపదు. పని ముగియగానే ఇల్లు చేరుటయే వాని గతి. అట్టివాని మనస్సు స్వగ్రామముమీద నున్నంతమాత్రమున, కూడు పెట్టిన దేశమునకు ద్రోహియగునా? పనిచేసిన చోట నిజాయితీ, పుట్టినచోట మమత, ఈ రెండును ఒక్క గుండెలో నిముడును.

రూతు బేత్లెహేము చేరి పొలములో పరిగె యేఱుకొనినది. ఇది బోయజు దయవలన పుట్టిన యవకాశము కాదు. కోతవేళ పొలపుటంచులు విడిచిపెట్టవలెననియు, రాలిన వెన్నులు బీదలకును పరదేశులకును చెందుననియు లేవీయకాండము విధించినది. ఆ చట్టము పరదేశి గుణవంతుడా, విశ్వాసపాత్రుడా యని యడుగదు. వాడాకలిగొన్నాడా యనియే చూచును. బోయజు చేసిన మేలు దీనిమీద అదనము. ఆమెను ముట్టరాదని పనివాండ్రకాజ్ఞాపించుటయు అందులోనిదే. పరస్త్రీ పొలములో ఒంటరిగా నిలిచిన ఎట్టి యపాయము కలుగునో గ్రంథకర్త యెఱిగియే వ్రాసెను.

ఇచ్చటి చరిత్రయందును స్థానికతకు చట్టము లేకపోలేదు. 1919లో నిజాము ఫర్మానాచే ఏర్పడిన ముల్కీ నిబంధనల ప్రకారము, బయటివాడు ముల్కీ యగుటకు పదునైదేండ్లు స్థిరనివాసముండి, మునుపటి చోటికి మరలిపోవు తలంపు విడిచితినని ప్రమాణపత్రమీయవలెను. ముల్కీని పెండ్లాడిన స్త్రీయు ముల్కీయే. రూతు ప్రమాణము చేసినది, పెండ్లియు నాడినది. ఆ యేండ్ల గడువు మాత్రము నిండియుండదు. ఆ నిబంధనలను సంకుచితములని త్రోసివేయరాదు. తమ యుద్యోగములు పరులపాలగుచున్నవని 1952లోను 1969లోను విద్యార్థులు వీథులకెక్కిరి, ప్రాణములు పోయినవి. 1972లో సుప్రీంకోర్టు ఆ నిబంధనలు చెల్లునని తీర్పిచ్చెను. 1973లో పార్లమెంటు వానిని రద్దుచేసెను. ఆ యావేదన అంతటితో చల్లాఱలేదు. 2014లో తెలంగాణ మేర్పడుటకు దాని పాలును కలదు. స్వజనుల భయమును గ్రంథమును ఎఱుగును. రూతును చేపట్టిన తన స్వాస్థ్యము చెడునని వెనుదీసిన దగ్గఱి బంధువొకడు అందున్నాడు. గ్రంథకర్త వానిని దూషింపడు. వాని పేరు మాత్రము చెప్పడు.

ఇక ఈ గ్రంథమునందలి కొఱతయు చెప్పవలెను. పెండ్లి పిమ్మట రూతు నోట ఒక్క మాట లేదు. బిడ్డ పుట్టగానే ఇరుగుపొరుగు స్త్రీలు నయోమికి కొడుకు పుట్టెనని సంతోషింతురు. పేరును వారే పెట్టుదురు. పరదేశిని ఊరు అంగీకరించినది సరే; కాని ఉత్తమురాలై, భార్యయై, తల్లియైన పిమ్మటనే. ఆమె గొడ్రాలైనచో ఏమి? కోపిష్ఠియైన కోడలైనచో ఏమి? దీనికి కథలో సమాధానము లేదు. మన పురుషులు ఈ కథను మెచ్చుటకు ఈ మౌనమును కొంత కారణమేమో విచారింపవలెను. కథ చెప్పని సమాధానము పరిగె చట్టములో నున్నది. ఆ చట్టము సుగుణములకు బహుమానముగా గాక, ఆకలికి హక్కుగా పొలమును తెఱచినది.

దేశభక్తిని గుఱించి క్రైస్తవులను తఱచుగా ప్రశ్నింతురు. క్రైస్తవులును పరులను అదే ప్రశ్న యడుగుచుందురు. రూతు ప్రమాణమును చూడుడు. అది దారిలో, దిక్కులేని ఒక ముసలిదానికి చేసిన ప్రమాణము. జనము, దేశము, దేవుడు ఆ యనురాగము వెంట వచ్చినవి. డిచ్‌పల్లి చరిత్రయు ఇట్టిదే. స్కాట్లండునుండి వచ్చిన వైద్యురాలు ఇసబెల్ కెర్ 1915లో అచ్చట కుష్ఠరోగులకు ఆశ్రయమును నెలకొల్పగా, హిందువైన నిజామాబాదు దాత రాజా నర్సాగౌడు ధనసహాయము చేసెను. ఆమె ఏ రాజునకు విధేయురాలని ఆ రోగులు విచారించియుండరు.

కావున మన మందిరములలో ఈ గ్రంథమును చదువునపుడు కోడండ్రవైపు మాత్రమే చూచుట మానవలెను. భూమిగలవారివైపును, అధికారముగలవారివైపును చూచి చదువవలెను. విశ్వాసము ముందు చూపుము, పిమ్మట పొలములోనికి రమ్మనుట ఈ కథ క్రమము కాదు. పొలము ముందు తెఱువబడినది; బంధము అందు పెరిగినది. శాసనము పదితరములు వేచియుండుమన్నది. ఆమె మునిమనుమడే దావీదు రాజు. మత్తయి యేసు వంశావళిని వ్రాయునపుడు ఆ మోయాబీయురాలి పేరును దాచలేదు, పేరుపెట్టియే వ్రాసెను.