తెలిసిన మాటే కదా!

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో నార్మన్ లూయిస్ ‘వర్డ్ పవర్ మేడ్ ఈజీ’ ఎప్పుడూ కనబడుతూనే ఉంటుంది. మొదటి అధ్యాయాల నిండా పెన్సిల్ గీతలు, ఆ తర్వాత అన్నీ మచ్చలేని పేజీలు. కొన్నవాడి ఓపిక ఎక్కడ అయిపోయిందో పేజీ నంబరుతో సహా చెప్పేయొచ్చు.

1949 నాటి ఆ పుస్తకం మంచిదే. గ్రీకు, లాటిన్ ధాతువులు పట్టుకుని మాటల చుట్టరికాలు విప్పి చూపిస్తుంది. కాకపోతే అది ఇంగ్లిషు ఇంట్లోనే మాట్లాడుకునే అమెరికా వాళ్ల కోసం రాసింది. మనం తడబడే చోటు వేరు. నా క్లాసులో పిల్లలకు ‘మిసాంత్రోప్’ (మనుషులంటే గిట్టనివాడు) తెలుసు. నోరు విప్పితే మాత్రం ‘ఎక్స్‌ప్లెయిన్ మీ దిస్ లెసన్ సార్’ అంటారు.

‘టెల్ మీ’, ‘షో మీ’, ‘గివ్ మీ’ చెల్లగా లేనిది ఇది చెల్లదా అని వాళ్ల లెక్క. తెలుగులో ‘నాకు’ ఎక్కడైనా ‘నాకే’ మరి; ఇంగ్లిషులో ‘ఎక్స్‌ప్లెయిన్’ దగ్గర మాత్రం ‘టు మీ’ కావాలి. ‘గురించి’ అలవాటుకొద్దీ ‘డిస్కస్ అబౌట్’ కూడా అలాగే వచ్చేస్తుంది. అర్థం తెలుసు, అమరిక తెలియదు.

జపాన్‌లో ఈ చిక్కు మీదే కూర్చున్నాడు ఎ.ఎస్. హార్న్‌బీ. 1924లో పాఠాలు చెప్పడానికి అక్కడికి వెళ్లిన ఇంగ్లిషువాడు. గేటెన్‌బీ, వేక్‌ఫీల్డ్ అనే మరో ఇద్దరితో కలిసి నిఘంటువు తయారుచేసి, ఏ క్రియ ఏ అమరికలో ఒదుగుతుందో పక్కనే గుర్తులు వేశాడు. మొత్తం 25 అమరికలు. పెర్ల్ హార్బర్ దాడి తర్వాత జపాన్ ఆయన్ని నిర్బంధించి, 1942లో స్వదేశానికి పంపేసింది. శత్రుదేశపు భాష నేర్పే ఆ నిఘంటువును మాత్రం ఆ ఏడాదే టోక్యోలో అచ్చువేశారు! 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు తీసుకున్నారు. ఇప్పుడు మన ఇళ్లలో ఉండే ‘అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ’ మూలం అదే.

అందులో ఘనమైన మాటలకు రెండు మూడు లైన్లే. ‘టేక్’, ‘గెట్’, ‘పుట్’లకు కాలమ్‌లకు కాలమ్‌లు. తెలిసిన మాటే కదా అని మనవాళ్లు సరిగ్గా అవే దాటేస్తారు. మన ‘కొట్టు’ సంగతి చూడండి. మేకు కొడతాం, సైకిల్‌కి గాలి కొట్టిస్తాం, జేబు కొట్టేస్తారు, కోర్టు కేసు కొట్టేస్తుంది, కాలవ కంపు కొడుతుంది. ‘కొట్టు అంటే బాదు’ అని పరాయివాడికి రాసిస్తే, కంపు ఎవర్ని బాదిందా అని వెతుక్కుంటాడు.

అందుకే పేజీకి నిలువుగా గీత కొట్టి (ఇదిగో, ఇంకో కొట్టు) ఎడమవైపు ఇంగ్లిషు, కుడివైపు తెలుగు రాసే పద్ధతి నా దగ్గర సాగదు. పేజీకి ఒక్క క్రియ. పేపర్లోనో, క్రికెట్ కామెంటరీలోనో తగిలినప్పుడు వాక్యం మొత్తం ఎక్కించాలి. మొన్న ఒకమ్మాయి ‘టేక్’ పేజీ తెచ్చింది: ‘షి టేక్స్ ఆఫ్టర్ హర్ మదర్’, ‘ఇండియా టుక్ ద లీడ్’, ‘ద ఫ్లైట్ టుక్ ఆఫ్ లేట్’. మూడూ తనకు ముందే తెలిసిన మాటతోనే.

తల్లిదండ్రులతోనే పేచీ. ‘నెలకి ఎన్ని పదాలు వస్తాయి మాస్టారూ?’ అంటారు. ‘టేక్’ ఒక్కటి సరిగ్గా రావడానికే నెల పట్టొచ్చంటే, కొందరు ఫీజు కట్టకుండానే లేచి వెళ్లిపోతారు.