కిన్నెరపాటయు నుపసర్గన్యాయమును

2021 సెప్టెంబరులో వెలువడిన భీమ్లానాయక్ చలనచిత్రగీతమును మొదట బాలుర నోట విని విసుగుకొంటిని. పిదప సావధానముగా వినఁగా, దాని యారంభమున దర్శనం మొగులయ్యగారి కంఠము వినఁబడినది; విసుగు పోయినది. ఆయన నాగర్‌కర్నూలు జిల్లావారు. పండ్రెండుమెట్ల కిన్నెరను వాయించుచు, పాలమూరు సీమలో ధనికుల సొమ్ము దీసి పేదలకుఁ బంచినవానిగాఁ గీర్తింపఁబడు పండుగ సాయన్న మొదలగు వీరుల కథలను బాడువారు. ఆయన పాడిన పిమ్మట తమన్‌గారు కూర్చిన వాద్యఘోష చెలరేఁగును. ఇతర గాయకులు నృత్యమున కనువైన వడిగల నడకతోఁ బాట నందుకొందురు. జానపదగాయకుఁ డిట్లు నూతనసంగీతమునఁ బ్రవేశించినపుడు విద్య చెడినదనుటయో, బ్రదికినదనుటయో లోకమునఁ బరిపాటి. గీతనిర్మాణమును జూడక పలికినచో రెండును దొందరపాటు మాటలే.

కిన్నెర మనకుఁ గ్రొత్తది కాదు. పాల్కురికి సోమనాథుని బసవపురాణమునఁ గిన్నర బ్రహ్మయ్య కథ పండితులకు సుపరిచితము. వెదురుదండము, ఎండిన సొరబుఱ్ఱలు, మెట్లు, తీఁగెలు: ఇంతియే యా వాద్యము. దాని బలము కథయందున్నది.

ప్రకృతగీతమున మొగులయ్యగారు పాడిన భాగపు క్రమమును బరిశీలింతము. మొదట నాయకుఁడు పుట్టిన తావు. పిమ్మటఁ దల్లి ప్రసవవేదన. అటుపైఁ దల్లిదండ్రుల పేళ్లు, తాత పేరు, ముత్తాత పేరు. కడపట నాయకుని నామము. వంశము వినిన గాని పేరు వినరాదు. దాతల వంశములఁ గీర్తించి జీవించిన యాశ్రితగాయకుల పద్ధతి యిదియే. నాయకుఁడు కల్పితుఁడైనను గ్రమము కల్పితము కాదు.

ఉపసర్గలు వాచకములా, ద్యోతకములా యని వైయాకరణులు చర్చించిరి. ద్యోతకపక్షమున నుపసర్గ తానై యర్థమును జెప్పదు. ధాతువునందున్న యర్థమును వెలిగించును. ఆహార విహార సంహారము లిందులకు బాలురెఱిఁగిన యుదాహరణములే. ఈ గీతమున మొగులయ్యగారి కంఠ ముపసర్గ. మాటిమాటికి వినవచ్చు నాయకుని పేరునకు గౌరవ మిచ్చునది యదియే. దానిని దొలఁగించినచో మిగులునది యుత్సాహధ్వని మాత్రమే. కావున విద్య చెడినదనుట పొసఁగదు.

అయినను విద్య బ్రదికినదనుటయుఁ బొసఁగదు. సాయన్నకథలో నా కంఠమే ధాతువు. కథ వినువారిని బట్టి పెరుగును, తఱుగును. గీతమునం దది నామకరణముతో నాగిపోవును. పుట్టుక యున్నది గాని వీరుని జీవనమరణములు లేవు. 2022లో భారతప్రభుత్వము మొగులయ్యగారికిఁ బద్మశ్రీ నిచ్చినది. గాయకునకు గౌరవము దక్కినది. కథ యెవరికి దక్కును? నేఁటి బాలుర కా కంఠ ముపసర్గగా మాత్రమే తెలిసినచో, ధాతువు మఱవఁబడును.

కావునఁ బాఠశాలాపండితులకు నా మనవి: గీతమును నిందింపక, దాని యారంభమును బాలురకు వినిపించి, యందలి వంశకీర్తనక్రమమును జూపి, పిదప సాయన్నకథను బూర్తిగా వినిపింపుఁడు. తాళపత్రములకుఁ బాఠాంతరములను గుర్తించు మనము, గానగానమునకు మాఱెడి యీ కథకును గుర్తింపవలదా? తాటియాకునకున్న యాయువు కంఠమునకు లేదు.